అమెరికా కుట్ర కేసుల్లో అప్పీల్: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

"కింది కోర్టులో పోతే పోయింది, హైకోర్టులో చూసుకుందాం." మన దగ్గర శిక్ష పడిన మనిషి ఇంట్లో మొదట వినిపించే మాట ఇదే. అందులో తప్పు కూడా లేదు. సెషన్స్ కోర్టు శిక్ష వేసిన కేసులో హైకోర్టు సాక్ష్యాలన్నీ మొదటి నుంచి తిరగేసి, ఫలానా సాక్షిని నమ్మలేమని చెప్పి కేసు కొట్టేసిన సందర్భాలు కోకొల్లలు. అప్పీల్ నడుస్తుండగా శిక్ష నిలిపేసి బెయిలివ్వడమూ కొత్తేం కాదు. ఈ ధీమాతోనే, అమెరికా ఫెడరల్ కోర్టులో, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ కోర్టులో, శిక్ష పడిన కుర్రాడి గురించి ఇక్కడి బంధువులు "అప్పీల్ వేశారు కదా, ఎప్పుడు బయటికొస్తాడు?" అని అడుగుతుంటారు. అక్కడి అప్పీల్ ఆ పని చెయ్యదు.

ఫెడరల్ వ్యవస్థలో 94 జిల్లా కోర్టులున్నాయి. వాటి పైన ప్రాంతాల వారీగా సర్క్యూట్ అప్పీల్ కోర్టులు. అప్పీల్ ముగ్గురు జడ్జీల ముందుకు వస్తుంది. కొత్త సాక్షి రాడు, కొత్త కాగితం రాదు. కింద విచారణలో ఎవరెవరు ఏం మాట్లాడారో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించిన రికార్డు, అక్కడ దాఖలైన ఎగ్జిబిట్లు, అంతే. మౌఖిక వాదన ఉంటే ఒక్కో పక్షానికి సాధారణంగా పది పదిహేను నిమిషాలు. చాలా కేసుల్లో అదీ ఉండదు, రాతపూర్వక వాదనలు చదివే తేల్చేస్తారు. సాక్షి నిజం చెప్పాడా అబద్ధం చెప్పాడా అన్నది జ్యూరీ తేల్చిన సంగతి, దాని జోలికి పోరు. క్రిమినల్ అప్పీళ్ళలో కింది తీర్పు తారుమారయ్యేవి నూటికి పది కూడా ఉండవు. అందులోనూ డ్రగ్స్, మోసం కేసుల్లో కుట్ర అభియోగం ఉందంటే దారి ఇంకా ఇరుకు.

ఒప్పందమే నేరం

కుట్ర కేసులో సరుకు చేతులు మారక్కర్లేదు, డబ్బు ఎవరి ఖాతాలోంచీ పోనక్కర్లేదు. ఇద్దరు కలిసి ఆ పని చేద్దామని అనుకున్నారా, అది తెలిసే కలిశారా? జ్యూరీకి అది చాలు. ఫెడరల్ చట్టంలో ఇందుకు మూడు సెక్షన్లు ఎక్కువగా వినిపిస్తాయి. చట్టసంపుటిలో టైటిల్ 18 అనే భాగంలోని 371 అన్ని నేరాలకీ పనికొచ్చే సాధారణ కుట్ర సెక్షన్, గరిష్ఠ శిక్ష 5 ఏళ్ళు. అదే టైటిల్‌లోని 1349 మోసాల కుట్రకి. ఇది 2002లో వచ్చింది. అసలు మోసానికి ఎంత శిక్షో కుట్రకీ అంతే, అంటే వైర్ ఫ్రాడ్ (ఫోను, ఇంటర్నెట్ లాంటి వాటి ద్వారా చేసే మోసం) అయితే 20 ఏళ్ళ దాకా. టైటిల్ 21లోని 846 డ్రగ్స్ కుట్రకి. సరుకు 5 కిలోల కొకైన్ లెక్కన తేలిందంటే 10 ఏళ్ళు కనీసం, యావజ్జీవం దాకా.

371 కింద కేసు నిలబడాలంటే ఒప్పందంతో పాటు దాన్ని అమలు చేసే దిశగా ఎవరో ఒకరు ఏదో ఒక పని చేసి ఉండాలి, ఒక ఫోన్ కాలైనా సరే. డ్రగ్స్ కుట్రలో అదీ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1994లో షబానీ కేసులో తేల్చేసింది. అనుకున్నారు, అయిపోయింది.

ఇది ఎంత దూరం పోతుందో చూడాలంటే 2003 నాటి హిమెనెజ్ రెసియో కేసు చదవాలి. 1997 నవంబరులో నెవాడాలో పోలీసులు ఒక ట్రక్కును ఆపి అందులోని డ్రగ్స్ పట్టుకున్నారు. డ్రైవర్ల సాయంతో ఆ ట్రక్కును ముందు అనుకున్న చోటికే, ఐడహోలోని నాంపా ఊళ్ళో ఒక మాల్ దగ్గరికి చేర్చి కాపు కాశారు. మూడు గంటల తర్వాత ఇద్దరు వచ్చారు, పట్టుబడ్డారు. సరుకు అప్పటికే పోలీసుల చేతిలో ఉంటే ఇక కుట్ర ఎక్కడిది అన్నది వాళ్ళ వాదన. కింది అప్పీల్ కోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు మాత్రం పోలీసులు పని చెడగొట్టినంత మాత్రాన కుట్ర దానంతటదే ముగిసిపోదని చెప్పింది.

మన వాళ్ళకి బాగా గుర్తుండే ఫార్మింగ్టన్ కేసు కూడా ఈ కోవలోదే. మిషిగన్‌లో క్లాసులూ టీచర్లూ లేని ఒక యూనివర్సిటీని అధికారులే నడిపి, దాదాపు 600 మంది విద్యార్థులు చేరాక 2019 జనవరిలో బయటపెట్టారు. చేరిన వాళ్ళలో తెలుగు పిల్లలు చాలామంది. కమీషన్ తీసుకుని వాళ్ళని చేర్పించారని ఎనిమిది మంది మీద పెట్టింది వీసా మోసానికి కుట్ర పన్నారన్న అభియోగమే. యూనివర్సిటీయే బూటకమైతే మోసం ఎలా జరిగింది అని అప్పట్లో చాలామంది అడిగారు. అడగడం న్యాయమే. కానీ కోర్టులో ఆ ప్రశ్నకి బలం లేదు. ప్రభుత్వ ఏజెంట్‌తో ఒక్కడే కుదుర్చుకున్న ఒప్పందం కుట్ర కాదు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య ఒప్పందం ఉంటే మాత్రం, వాళ్ళు చేద్దామనుకున్నది అసాధ్యమని తర్వాత తేలినా అది కుట్రే.

దీనికి తోడు 1946 నాటి పింకర్టన్ సూత్రం ఒకటుంది. విస్కీ పన్ను ఎగ్గొట్టిన ఇద్దరు అన్నదమ్ముల కేసు అది. ఒకడు చేసిన కొన్ని నేరాలు జరిగేనాటికి రెండోవాడు జైల్లో ఉన్నాడు. అయినా కుట్రలో భాగస్వామి కాబట్టి వాటికి ఆ రెండోవాడూ బాధ్యుడేనన్నారు. కుట్రలో ఒకడు చేసింది, ఊహించదగినదైతే, అందరి మెడకీ చుట్టుకుంటుంది.

సాక్ష్యం చాలలేదన్న వాదన

శిక్ష పడిన వాళ్ళు మొదట అడిగేది ఇదే: "నా దగ్గర ఏమీ దొరకలేదు, వాడి మాట మీదే కదా శిక్ష వేశారు?" ఆ 'వాడు' సాధారణంగా మన భాషలో అప్రూవర్, తన శిక్ష తగ్గించుకోవడానికి నేరం ఒప్పుకుని సాక్ష్యం చెప్పినవాడు. 1979 నాటి జాక్సన్ వర్సెస్ వర్జీనియా తీర్పు ప్రకారం అప్పీల్ కోర్టు వేసుకునే ప్రశ్న ఒక్కటే. సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్‌కి అనుకూలంగా చూస్తే, బుద్ధున్న ఏ జ్యూరీ అయినా దోషి అనగలదా? అనగలిగితే తీర్పు నిలుస్తుంది. అప్రూవర్ మాట ఒక్కటే ఆధారమైనా ఫెడరల్ కోర్టుల్లో సాధారణంగా సరిపోతుంది. నేను చూసినంతలో ఎక్కువమంది అప్పీల్ ఆశలు ఇక్కడే పెట్టుకుంటారు, ఎక్కువ ఓడిపోయేదీ ఇక్కడే.

రెండు సందులు మాత్రం నిజంగా పనికొస్తాయి. ఒకటి కొనుగోలుదారు వాదన. డ్రగ్స్ ఒకడు అమ్మాడు, ఇంకొకడు కొన్నాడు. అమ్మకానికి కావలసిన ఒప్పందం తప్ప, కలిసి వ్యాపారం చేద్దామన్న ఒప్పందం వాళ్ళ మధ్య లేదు. అప్పుడది కుట్ర కాదు. అప్పు మీద పదే పదే సరుకు ఇవ్వడం, లాభం పంచుకోవడం, పోలీసుల గురించి హెచ్చరించుకోవడం లాంటివి ఉంటే మాత్రం వాదన నీరుగారిపోతుంది.

రెండోది, అభియోగంలో ఒకే పెద్ద కుట్ర అని రాసి, విచారణలో చిన్న చిన్న కుట్రలు చాలా బయటపడటం. 1946 నాటి కొట్టియాకోస్ కేసు దీనికి మూలం. ఒక బ్రోకర్ వేరువేరు మనుషులకి అబద్ధపు దరఖాస్తులతో ప్రభుత్వ పూచీ ఉన్న గృహరుణాలు ఇప్పించాడు. 32 మందిని ఒకే కుట్రలో ఇరికించారు. నిజానికి ఆ మనుషుల్లో చాలామందికి ఒకరి ముఖం ఒకరికి తెలియదు, అందరికీ తెలిసింది బ్రోకరొక్కడే. బండి చక్రానికి ఆకులున్నాయి గానీ వాటిని కలిపే కమ్మీ లేదన్నమాట. కనీసం ఎనిమిది వేరువేరు కుట్రల్ని ఒకటిగా చూపి, ఒకరి పాపం ఇంకొకరికి అంటగట్టడం వల్ల నిందితులకి అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టు శిక్షలు కొట్టేసింది. ఒకే కన్సల్టెంట్ ద్వారా దొంగ కాగితాలతో లోన్లు తీసుకున్న వాళ్ళందరినీ ఒకే గాట కట్టిన కేసుల్లో ఈ వాదన ఈ రోజుకీ బతికే ఉంది. నెగ్గాలంటే కుట్రలు వేరని చూపిస్తే చాలదు, దానివల్ల తన కేసు పాడైందని కూడా చూపాలి.

రజత్ గుప్తా రెండుసార్లు ఓడింది ఎందుకు

మెకిన్సీ అనే కన్సల్టింగ్ సంస్థని నడిపిన, గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకు బోర్డులో కూర్చున్న రజత్ గుప్తాని న్యూయార్క్ జ్యూరీ 2012 జూన్‌లో ఒక కుట్ర అభియోగం, మూడు సెక్యూరిటీస్ మోసం అభియోగాల కింద దోషిగా తేల్చింది. రెండేళ్ళ జైలు, 50 లక్షల డాలర్ల జరిమానా. బోర్డు మీటింగు ఫోన్ పెట్టేసిన సెకన్లలోనే ఆయన, హెడ్జ్ ఫండ్ (పెద్ద మదుపర్ల పెట్టుబడి నిధి) నడిపే రాజ్ రాజరత్నానికి ఫోన్ చేసి లోపలి సంగతి చెప్పాడన్నది ప్రాసిక్యూషన్ కథ. ఆ కాల్స్‌లో ఏం మాట్లాడుకున్నారో రికార్డు లేదు. ఉన్నదల్లా, తర్వాత రాజరత్నం తన దగ్గర పనిచేసే ట్రేడర్లతో మాట్లాడిన టేపులు. గోల్డ్‌మన్ బోర్డులోని మనిషి చెప్పాడు, కంపెనీకి నష్టం రాబోతోంది అన్న అర్థం వచ్చే మాటలు.

ఇక్కడ మామూలు మనిషికి సందేహం వస్తుంది. గుప్తా లేని చోట ఎవరో ఇద్దరు మాట్లాడుకున్నది గుప్తా మీద సాక్ష్యం ఎలా అవుతుంది? కుట్ర కేసుల్లో అవుతుంది. ఒకే కుట్రలో ఉన్నవాడు ఆ కుట్రని ముందుకు నడిపేందుకు అన్న మాటల్ని మిగతా అందరి మీదా వాడొచ్చు. కుట్ర ఉందో లేదో ముందు తేల్చేది జ్యూరీ కాదు, జడ్జి. అదీ సందేహానికి తావు లేకుండా కాదు, సగానికి కాస్త పైన మొగ్గితే చాలని 1987లో బూర్జైలీ కేసు చెప్పింది. అలా తేల్చేటప్పుడు ఆ మాటల్నే ఆధారంగా చూడొచ్చట కూడా. వినడానికి గానుగెద్దు తిరిగినట్టు ఉంటుంది, కానీ చట్టం అదే. 2014 మార్చిలో సెకండ్ సర్క్యూట్ టేపుల్ని సమర్థించి గుప్తా అప్పీల్‌ని కొట్టేసింది. అప్పటిదాకా బయటే ఉన్నవాడు ఆ జూన్‌లో జైలుకెళ్ళాడు.

అదే ఏడాది చివర్లో అదే కోర్టు, ఇలాగే లోపలి సమాచారంతో షేర్లు ఆడిన ఇంకో కేసులో, సమాచారం ఇచ్చినవాడికి దక్కిన లాభం ఎలాంటిదై ఉండాలో గట్టిగా బిగించింది. గుప్తా ఆ తీర్పు పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. 2019లో కోర్టు ఆ అభ్యర్థననీ తోసిపుచ్చింది. జ్యూరీకి జడ్జి చెప్పిన సూచనల మీద ఆ అభ్యంతరాన్ని మొదటి అప్పీల్‌లోనే లేవనెత్తొచ్చు, లేవనెత్తలేదు, కాబట్టి పోయిందని. అంత డబ్బుండి, అంత పెద్ద లాయర్లుండి కూడా.

అసలు పరిమితి ఇంకా కింద, విచారణ గదిలోనే మొదలవుతుంది. తప్పు జరిగిన క్షణంలో లాయర్ లేచి అభ్యంతరం చెప్తే అప్పీల్ కోర్టు దాన్ని సూటిగా పరిశీలిస్తుంది, చాలా సందర్భాల్లో ఆ తప్పు ఫలితం మీద ప్రభావం చూపలేదని నిరూపించాల్సింది ప్రభుత్వమే. అభ్యంతరం చెప్పకపోతే బరువంతా నిందితుడి మీదికి వస్తుంది. తప్పు ఉండాలి, అది కళ్ళకి కొట్టొచ్చినట్టుండాలి, దాని వల్ల ఫలితం మారి ఉండాలి, అప్పటికీ న్యాయప్రక్రియ మీద నమ్మకమే దెబ్బతినేంత తీవ్రమైనదై ఉండాలి. అనుభవమున్న అప్పీల్ లాయర్ కేసు చేతికి రాగానే తీర్పు చదవడు, ట్రాన్‌స్క్రిప్ట్‌లో (విచారణలో మాట్లాడిన ప్రతి మాటా ఎక్కిన రికార్డులో) అబ్జెక్షన్లు ఎక్కడెక్కడున్నాయో వెతుకుతాడు.

ఇద్దరు డాక్టర్లు, ఒకే తీర్పు, రెండు గతులు

డ్రగ్స్, మోసం రెండూ కలిసిన కేసుల్లో ఇటీవలి కాలంలో అతి ముఖ్యమైనది 2022 నాటి రువాన్ తీర్పు. అలబామాలోని మొబీల్‌లో నొప్పి క్లినిక్ నడిపిన డాక్టర్ షియులు రువాన్. ఇష్టారాజ్యంగా ఓపియాయిడ్ మందులు (అలవాటు పడే ప్రమాదమున్న గట్టి నొప్పి మందులు) రాశాడని, బీమా సంస్థల్ని మోసం చేశాడని, కమీషన్లు తీసుకున్నాడని కేసు. 21 ఏళ్ళ జైలు. ఆయనతో పాటే విన్న ఇంకో అప్పీల్ డాక్టర్ షకీల్ కాన్‌ది, ఆయనకి 25 ఏళ్ళు.

లైసెన్సున్న డాక్టర్ మందు రాయడం నేరం కాదు, వైద్యం పేరుతో కాని రాత రాస్తే నేరం. మరి ఆ డాక్టర్ మనసులో ఏముందో చూడాలా, లేక మంచి డాక్టర్ ఎవరైనా ఏం చేస్తాడో ఆ కొలతతో తూచాలా? కింది కోర్టులు రెండో దారి పట్టాయి. సుప్రీంకోర్టు అది తప్పంది. తను చేస్తున్నది అనుమతి లేని పని అని డాక్టర్‌కి తెలుసనో, కావాలనే చేశాడనో ప్రభుత్వం నిరూపించాలని చెప్పి రెండు కేసుల్నీ వెనక్కి పంపింది.

పత్రికలు ఇక్కడితో ఆపేశాయి. అసలు కథ 2023లో నడిచింది. కాన్ కేసులో టెన్త్ సర్క్యూట్, జ్యూరీకి చెప్పిన తప్పుడు సూచన కేసంతటికీ అంటుకుందని శిక్షలన్నీ రద్దు చేసి కొత్త విచారణకి పంపింది. రువాన్ కేసులో లెవెన్త్ సర్క్యూట్ మందులు రాసిన అభియోగాల మీద శిక్షల్ని రద్దు చేసింది గానీ కుట్ర శిక్షల్ని ఉంచేసింది. కారణం, కుట్రకి సంబంధించిన సూచనలో, ఆ ఒప్పందం చట్టవిరుద్ధమని తెలిసే కావాలని చేరాడని తేలాలి అని జడ్జి ముందే చెప్పాడు. సుప్రీంకోర్టు అడిగిన 'తెలిసి' అన్న షరతు అందులో ఎలాగూ ఉంది, కాబట్టి మిగతా తప్పు వల్ల దానికి వచ్చిన నష్టం లేదు. సుప్రీంకోర్టులో గెలిచిన డాక్టర్‌కి చివరికి దక్కింది శిక్షని మళ్ళీ లెక్కగట్టడం. ప్రాసిక్యూటర్లు అభియోగపత్రంలో కుట్రని ఎందుకు వదలరో ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి.

మోసం వైపు కూడా సుప్రీంకోర్టు చెయ్యి అటూ ఇటూ ఆడుతోంది. 2023లో సిమినెల్లి కేసులో, ఎదుటివాడికి నిర్ణయానికి కావలసిన సమాచారం దక్కకుండా చెయ్యడం ఒక్కటే ఆస్తి మోసం కాదని చెప్పి, న్యూయార్క్ ప్రాసిక్యూటర్లు దశాబ్దాలుగా వాడిన సూత్రాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. దీంతో చాలామంది లాయర్లు పండగ చేసుకున్నారు. 2025 మేలో కూసిసిస్ కేసు వచ్చింది. ఫిలడెల్ఫియాలో పెయింటింగ్ కాంట్రాక్టర్లు వెనుకబడిన వర్గాల సంస్థ దగ్గర సరుకు కొంటామని అబద్ధం చెప్పి కాంట్రాక్టు దక్కించుకున్నారు, పని మాత్రం బాగానే చేశారు. ప్రభుత్వానికి నికరంగా నష్టం రాకపోయినా, అబద్ధంతో డబ్బు రాబట్టడమే మోసమంది కోర్టు.

శిక్ష కాలం మీద పోరాటం

ఫెడరల్ శిక్షలు పడే వాళ్ళలో నూటికి 95 మందికి పైగా విచారణ దాకా పోరు, నేరం ఒప్పుకుంటారు. ఆ ఒప్పంద పత్రంలో చాలాసార్లు అప్పీల్ హక్కు వదులుకుంటున్నానన్న నిబంధన ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోరు. అయినా క్లయింట్ అప్పీల్ వెయ్యమని చెప్పాక లాయర్ నోటీసు వెయ్యకపోతే, ఆ నిబంధన ఉన్నా సరే, అది లాయర్ తప్పిదమేనని 2019లో గార్జా కేసు చెప్పింది. నోటీసుకి గడువు తీర్పు నమోదైన నాటి నుంచి 14 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 30 రోజుల వరకు పొడిగిస్తారు. ఆ పైన లేదు.

హక్కు మిగిలిన వాళ్ళకి నిజంగా ఊరట దొరికే అవకాశం ఎక్కువున్నది శిక్ష లెక్కలో. మోసం కేసుల్లో శిక్ష మార్గదర్శకాలు నష్టం మొత్తాన్ని బట్టి పాయింట్లు కలుపుతాయి. వైర్ ఫ్రాడ్‌కి మొదలు 7 పాయింట్లు. పాత నేరచరిత్ర లేని మనిషికి 7 అంటే 0 నుంచి 6 నెలలు. 2015లో సవరించిన పట్టికలో నష్టం 5.5 లక్షల డాలర్లు దాటితే 14 పాయింట్లు కలుస్తాయి. 21 అయ్యేసరికి 37 నుంచి 46 నెలలు. కుట్రలో మొత్తం నష్టం ఎంతన్నది కాదు, ఈ మనిషి ఏ మేరకు కలిసి చెయ్యడానికి ఒప్పుకున్నాడు, ఎంత ఊహించగలిగాడు అన్నది తేల్చాలి. చాలా జిల్లా కోర్టులు ఆ విడదీయడం సరిగా చెయ్యకుండా మొత్తం అంకెని అందరి మీదా వేస్తాయి. అప్పీల్‌లో పట్టుకోవాల్సింది అక్కడ. డ్రగ్స్‌లోనూ అంతే: కనీస శిక్షని పెంచే పరిమాణాన్ని జడ్జి సొంతంగా తేల్చకూడదు, జ్యూరీయే తేల్చాలని 2013 నాటి అలీన్ తీర్పు. 2024 నవంబరు 1 నుంచి ఇంకో మంచి మార్పు వచ్చింది. ఫెడరల్ జ్యూరీ నిర్దోషి అన్న అభియోగంలోని పనుల్ని మార్గదర్శకాల లెక్కలో కలపకూడదు. అంతకుముందు కలిపేవాళ్ళు, నమ్మశక్యం కాకపోయినా.

గ్రీన్ కార్డు మీదున్న మనవాళ్ళకి ఈ నష్టం అంకె జైలు నెలలతో ఆగదు. ఇమిగ్రేషన్ చట్టంలో 10 వేల డాలర్లు దాటిన మోసం, దానికి పన్నిన కుట్ర, డ్రగ్స్ అమ్మకం, ఇవన్నీ దేశం నుంచి పంపించేయడానికి దారితీసే తీవ్ర నేరాలే. 2009 నాటి నిఝావన్ కేసు భారత్ నుంచి వలస వెళ్ళిన మనిషిదే. మోసానికి కుట్ర కింద శిక్ష పడింది. నష్టం ఎంతో జ్యూరీ తేల్చలేదు కదా అన్నాడు. జ్యూరీ తేల్చనక్కర్లేదు, శిక్ష దశలో ఆయన ఒప్పుకున్న అంకె చాలంది సుప్రీంకోర్టు. శిక్ష తగ్గుతుందని లాయర్ చెప్తే కళ్ళు మూసుకుని సంతకం పెట్టిన అంకె అలా రెండో కోర్టులో ఎదురొస్తుంది.

లాయర్ తప్పు చెప్పాడని పోరాడటానికి మామూలు అప్పీల్ సరైన చోటు కాదు. రికార్డులో లేని సంగతి కాబట్టి 2255 సెక్షన్ కింద విడిగా పిటిషన్ వెయ్యాలి, సాధారణంగా తీర్పు ఖరారైన ఏడాదిలోపు. నేరం ఒప్పుకుంటే దేశం వదలాల్సి వస్తుందని చెప్పడం లాయర్ బాధ్యతేనని 2010లో పడీలా తీర్పు. చెప్పలేదని నిరూపిస్తే చాలదు, చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదని కూడా నమ్మించాలి. మెంఫిస్‌లో రెస్టారెంట్లు నడిపిన జే లీ అనే కొరియా వలసదారు డ్రగ్స్ కేసులో 2017లో అలా గెలిచాడు. లాయర్ దేశం నుంచి పంపరని హామీ ఇచ్చాడు. నేరం ఒప్పుకునే రోజు జడ్జి మామూలుగా అడిగింది: దేశం నుంచి పంపేసే అవకాశం నీ నిర్ణయాన్ని ప్రభావితం చేస్తుందా? చేస్తుందన్నాడు. ఎలా అని అడిగితే అర్థం కాలేదని లాయర్ వైపు తిరిగాడు. ఇది అందరికీ చెప్పే హెచ్చరికేలే అన్నాడు లాయర్. ఆ మాటలు రికార్డులో ఉండటం సుప్రీంకోర్టులో లీ మాట నమ్మడానికి బాగా తోడ్పడింది.